మేం రాసిన వాన

మా పత్రిక జిల్లా పేజీలో కుడివైపు అడుగున, సినిమా హాళ్ల ప్రకటనలకు కాస్త పైన, అరచెయ్యంత బాక్సు ఒకటి ఉండేది. దాని పేరు ‘నిన్నటి వర్షపాతం’. తొంభైల చివర్లో ఆ బాక్సు నింపే పని నాకు వచ్చింది. ఏడెనిమిదేళ్లు నాతోనే ఉండిపోయింది. డెస్కులో అంతకంటే చిన్న పని లేదు. సాయంత్రం ఐదింటికి జిల్లా కార్యాలయం నుంచి ఫ్యాక్సు వచ్చేది. ఎడమవైపు మండలాల పేర్లు, కుడివైపు మిల్లీమీటర్లు. దాన్ని కంపోజింగుకు ఇచ్చి టీకి వెళ్లేవాణ్ణి.

అన్ని పేర్ల పక్కనా అంకెలు ఉంటే అంతటితో అయిపోయేది. ఉండేవి కావు. మా వైపు వాన గట్టిగా పడిందంటే ముందు పోయేవి టెలిఫోను లైన్లు. అందుకని అంకె కావలసిన రోజునే అంకె వచ్చేది కాదు. నాలుగైదు మండలాల ఎదురుగా ఖాళీ. మా పేజీ ఇన్‌చార్జికి ఖాళీ కనపడితే ఒళ్లు మండేది.

“బాక్సులో బొక్కలుంటే చదివేవాడేమనుకుంటాడండీ? వీళ్లు పడుకున్నారనుకుంటాడు. కనుక్కోండి. కనుక్కుని నింపండి.”

కనుక్కునేవాణ్ణి. ఆ మండలాల్లో మాకు వార్తలు పంపే విలేకరులు సాయంత్రానికి హైవే మీది ఊళ్లకు వచ్చి, ఏ ఎస్టీడీ బూతు నుంచో ఫోను చేసేవారు. వాళ్లలో ఒకాయనకు మిరప తోట, ఎరువుల కొట్టు, విలేకరి ఉద్యోగం మూడూ ఉండేవి. ప్రాముఖ్యం కూడా ఆ వరసలోనే.

“మీ వైపు వాన పడిందా?” అని అడిగితే “పడిందండీ” అనేవాడు.

“ఎంత?”

“ఎంతంటే... ఓ మోస్తరు.”

ఓ మోస్తరును బాక్సులో వేయలేం. అందుకని నాకో కొలత కుదిరింది. చినుకులు పడ్డాయంటే రెండు మిల్లీమీటర్లు. ఓ మోస్తరంటే పన్నెండు. గట్టిగా పడిందంటే పాతిక. “దంచికొట్టిందండీ, వాగు రోడ్డెక్కింది” అంటే నలభై రెండు. నలభై అని వేస్తే ఊహించి వేసినట్టు కనిపిస్తుందని పైన ఆ రెండు. నాకంటే ముందు ఆ కుర్చీలో పనిచేసినాయన నేర్పాడో, నేనే కనిపెట్టానో ఇప్పుడు గుర్తు లేదు. ఎవరికీ నష్టం లేని పని అనుకున్నాను. మర్నాడు సాయంత్రానికి ఆ కాగితంలో మిరపకాయ బజ్జీలు కడతారు, అంతే కదా అనుకున్నాను.

రెండు వేల దశకం నడిమికి వచ్చిన ఒక ఏడాది మార్చిలో అకాల వర్షం పడింది. కల్లాలు చూడడానికి చిలకలూరిపేట నుంచి పడమటికి బయలుదేరాను. ఆ రోజుల్లో ఆ రోడ్డులో వెళితే అటూ ఇటూ నేల కనపడేది కాదు. కోసిన కాయలన్నీ కల్లాల్లో పరిచి, ఎర్ర దుప్పటి కప్పినట్టు ఉండేది. ఆ రోజు ఆ దుప్పటి మీద నీళ్లు నిలబడి ఉన్నాయి. పట్టాలు కప్పడానికి కూడా వ్యవధి ఇవ్వని వాన. తడిసిన మిరపకాయ ఎండాక తెల్లబడి తాలుకాయ అవుతుంది. దాన్ని చూసి మిర్చి యార్డులో వ్యాపారి మొహం పక్కకు తిప్పుకుంటాడు.

ఒక కల్లంలో యాభై దాటిన మనిషి తడి కాయల్ని చేతులతో తిరగేస్తున్నాడు. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం ఆయనది. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. నన్ను, నా చేతిలో కాగితాల్ని చూసి నడుం ఎత్తాడు.

“రాసుకోండి విలేకరి గారూ. ఎర్రగా ఉన్నప్పుడు ఒక్కళ్లూ రాలేదు. తెల్లబడతయ్యనంగానే అందరూ వస్తన్నారు.”

పక్క కల్లం నుంచి ఒకాయన అరిచాడు. “ఒరేయ్, ఆయన మీద పడతావేందిరా? ఆయనొచ్చి ఆపుతాడా వానని?”

“ఆపకపోతే మానె. ఎప్పుడొస్తదో ముందుగా చెప్పమను. పేపరోళ్లకి అన్నీ తెలుస్తయ్యిగా!”

ఆ కల్లం గట్టు మీద ఆయన కూతురు నిలబడి ఉంది. పట్నంలో డిగ్రీ రెండో ఏడాది సైన్సు చదువుతోంది. చున్నీ నడుముకు బిగించి, పాదాలకు బురదతో, నష్టం చూడడానికి వచ్చిన వ్యవసాయ అధికారితో వాదిస్తోంది.

“ఒక్కోసారి ఇలా జరుగుతుందమ్మా. అకాల వర్షమని దానికి పేరే ఉందిగా” అంటున్నాడాయన.

“ఒక్కోసారి కాదు సార్. మూడేళ్ల నుంచి కల్లం మీద పడుతోంది. జూన్‌లో రావాల్సింది రావట్లేదు, మార్చిలో రాకూడనిది వస్తోంది. కార్తెలు చూసి విత్తనం వేసేవాళ్లు ఏం చూసి వేయాలి ఇప్పుడు? వాతావరణం మారిపోయిందని గవర్నమెంటు ఒప్పుకుంటే కదా, ఏదన్నా చేసేది!”

ఆయన చెడ్డవాడు కాదు. అలిసిపోయి ఉన్నాడు. “అమ్మాయ్, గవర్నమెంటు మాట మీద నడవదు, కాగితం మీద నడుస్తుంది. మారిందని నువ్వంటే సరిపోదు. ఆధారం పట్రా.”

ఆ అమ్మాయి ఆ మాటను తిట్టుగా తీసుకోలేదు, పనిగా తీసుకుంది.

నెల తిరక్కుండానే తొమ్మిది మంది విద్యార్థులు మా ఆఫీసు మెట్లెక్కారు. ముందు ఆ అమ్మాయి, వెనక ఆమె కాలేజీ వాళ్లు. సోమవారం అర్జీలు తీసుకునే జిల్లా అధికారికి ఒక అర్జీ ఇస్తారట. వాతావరణం మారుతోందని ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఊరూరా వాన కొలిచే ఏర్పాటు పెట్టాలి. వాన రాబోతోందంటే కల్లాల్లో ఉన్నవాళ్లకు ముందు రోజే చెప్పించాలి. హైవే వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్లకు బదులు చెట్లు నాటాలి. చెరువుల్లో పూడిక తీయాలి. పొగ తగ్గించమని ఢిల్లీకి రాయాలి. ఇలా రెండు పేజీలు. వాటికి ఆధారంగా పదేళ్ల వాన లెక్క కావాలి. మండలం ఆఫీసుకు వెళితే పాత రిజిస్టర్లు ఇప్పుడు తీయలేమన్నారు.

“మీ పేపర్లో రోజూ వేస్తారు కదా సార్” అంది ఆ అమ్మాయి. “పాత పేపర్లు చూసుకోనిస్తే రాసుకుంటాం.”

నాకు సంతోషం వేసింది. ఆ బాక్సు చదివే మనిషిని చూడడం అదే మొదలు. మేడ మీద పాత ఫైళ్ల గది తాళం ఇప్పించాను. ఆదివారాలు వచ్చేవారు. ఒకరు చదివితే ఒకరు రాసేవారు. దుమ్ముకు తుమ్ములు, మధ్యలో పోట్లాటలు కింద డెస్కు దాకా వినపడేవి.

“ఢిల్లీ వాళ్లని పొగ తగ్గించమంటాం. మనోడు మాత్రం రోజూ బుల్లెట్ మీద కాలేజీకొస్తాడు.”

“ఒరేయ్, అది మా బాబాయిదిరా!”

“పొగ కూడా మీ బాబాయిదేనా?”

అలా ఎనిమిది నెలలు సాగింది. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా వాళ్లకు నా కొలత సంగతి చెప్పాలని నాకు తోచలేదు. దాచానని ఎవరైనా అంటే ఒప్పుకోను. దాచడానికి ముందు అది గుర్తుండాలి. వేలు బాక్సులో అంకె వేసేది, మనసు టీ దగ్గర ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు దాచడం కంటే అదే ఎక్కువ భయంగా ఉంటుంది.

డిసెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. చంకలో చుట్టిన పెద్ద చార్టు. మొహం వెలిగిపోతోంది. సోమవారమే అర్జీ ఇచ్చేది. నా బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి చార్టు పరిచింది. నీలం గీత జూన్ నుంచి జరిగి జరిగి ఆగస్టు వైపు పోతోంది. ఎర్ర గీత ఫిబ్రవరి, మార్చి దగ్గర కొత్తగా లేస్తోంది. అందంగా వేశారు. చూసిన ఎవరికైనా ఒక్క చూపులో అర్థమవుతుంది.

“ఒక మంచి మాట సార్. మండలం ఆఫీసు వాళ్లు ఆఖరికి రిజిస్టరు చూపించారు. గత నాలుగేళ్లవి మీ పేపరుతో పోల్చి చూశాం. రోజు రోజుకీ సరిపోయింది. ఒక్క అంకె తేడా లేదు సార్! ఇక మా లెక్కని ఎవరూ కాదనలేరు.”

బ్యాగులోంచి నోటుబుక్కు తీసి చూపించింది. రెండు నిలువు వరుసలు. ఒకటి మా పేపరు, ఒకటి ప్రభుత్వం రిజిస్టరు. వేలు పెట్టి కిందికి దిగుతూ చదువుతోంది. పన్నెండు, పన్నెండు. పాతిక, పాతిక. నలభై రెండు, నలభై రెండు.

నోటుబుక్కు నా వైపు లాక్కున్నాను. ఆ నలభై రెండు నాది. వాగు రోడ్డెక్కిందని ఎస్టీడీ బూతు నుంచి ఒక మనిషి అరిస్తే నేను వేసిన అంకె. దానికి జత ఉండకూడదు. ప్రభుత్వం కొలిస్తే ముప్పై ఏడో, యాభై ఒకటో రావాలి. ఒక్క రోజు కలిస్తే కాకతాళీయం అనుకోవచ్చు. అన్ని రోజులూ ఎలా కలుస్తాయి?

“ఏంటి సార్?” అంది.

“చాలా బాగా వేశారమ్మా” అన్నాను. ఆ రోజు నోట్లోంచి వచ్చింది అంతే.

మర్నాడు పొద్దున్నే ఆ మండలానికి వెళ్లాను. మండలం పేరు రాయను. ఆఫీసు వెనక ముళ్లకంచె కట్టిన చదరంలో వర్షమాపకం ఉంది. ఉంది అని మాటే. కంచె మీదికి చిక్కుడు పాదు పాకించారు. అది నిండుగా కాసి పైన పందిరిలా అల్లుకుంది. పందిరి కింద, వాన నేరుగా పడని చోట, పైన గరాటు ఉన్న ఆ రేకు డబ్బా నిలబడి ఉంది. గరాటులో ఎండిన ఆకులు. మూత తీసి చూస్తే లోపల నీళ్లు చేరాల్సిన సీసా లేదు.

అటెండరు వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. చిక్కుడుకాయలు కోసుకోవడానికి సంచీతో వచ్చాడు. పత్రిక పేరు చెప్పగానే మొహం విప్పారింది.

“మీ పేపరే తెప్పిస్తన్నానండీ ఆఫీసుకి. నిన్నకాక మొన్న వేరే పేపరోడొచ్చి మాది వేసుకోమన్నాడు. వద్దన్నా.”

“ఎందుకని?”

“వాళ్ల వానల బాక్సులో ఖాళీలుంటయ్యండీ. మీదాంట్లో ఉండవు.”

ఆయనకు నేను ఏం అడుగుతున్నానో అర్థం కాలేదు. దాచాలని కూడా అనుకోలేదు. వరసగా చెప్పాడు. కొలిచే గాజు గొట్టం పగిలి నాలుగేళ్లయింది. కొత్తది కావాలని రాశారు, రాలేదు. సీసా ఎటుపోయిందో తెలియదు. వాన లేని రోజు పొద్దున్నే జిల్లా కార్యాలయానికి ఫోను చేసి సున్నా చెబుతాడు. వాన పడిన రోజు లైను ఉండదు. ఉన్నా, లేదనుకుంటాడు.

“మరి రిజిస్టరు?”

“మర్నాడు మీ పేపర్లో వస్తదిగా. అది చూసి ఎక్కిస్తా. నెలాఖరుకి నకలు తీసి జిల్లాకి పంపిస్తా. ఇన్నేళ్లలో ఒక్క తప్పు పట్టలేదండీ ఎవరూ.”

“మాకా అంకె ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు?”

“పై నుంచి వస్తదిగా!” అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. “మీకు పై నుంచి రాకపోతే ఎట్టా వేస్తారు? మీరు తప్పు రాస్తారా?”

కంచె దగ్గరున్న రాతి మీద కూర్చున్నాను. ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు, ఎండకు కళ్లు తిరిగాయనుకున్నాడు. వృత్తిలో చాలా చూశాననుకునేవాణ్ణి. తొంభైల చివర్లో పత్తి పోయిన ఊళ్లలో, ఇంట్లో మనిషి పోయిన గుమ్మాల ముందు నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాను. అక్కడ తడబడలేదు. ఇక్కడ, చిక్కుడు పాదు పక్కన, నోటుబుక్కు తెరవలేకపోయాను. నాలుగేళ్లుగా ఆ మండలంలో పడిన వాన ఎంతో లోకంలో ఎవరికీ తెలియదు. తెలుసనుకున్న వాళ్లంతా ఒకరి కాగితం చూసి ఒకరు రాసుకున్నారు. ఆ వరసలో మొదటి వాణ్ణి నేను. మిగతా మండలాల్లో ఎన్ని పాదులున్నాయో తలుచుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఆదివారం ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఇల్లంతా పత్తి గింజల వాసన. వాకిట్లో పరుపు గుడ్డ మీద తొమ్మిది మందీ కూర్చుని అర్జీ నకళ్లు కుడుతున్నారు. తండ్రి మంచం వాల్చాడు. “కూర్చోండి విలేకరి గారూ, రేపు మావోళ్లు జిల్లానే ఊపబోతన్నారు” అన్నాడు. కూర్చోకుండానే చెప్పాను. ఓ మోస్తరు సంగతి, పన్నెండు సంగతి, చిక్కుడు పాదు సంగతి, అన్నీ.

దారం పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

బుల్లెట్ అబ్బాయి ముందు తేరుకున్నాడు. “అంటే సార్... మేం ఎనిమిది నెలలు రాసుకుంది మీరు టీ తాగొచ్చేలోపు వేసిందా?”

“కొన్ని. అన్నీ కాదు.”

“ఏరా, అయితే వానలు మారలేదా?” అని ఇంకొకడు.

“మారలేదా?” ఆ తండ్రి లేచాడు. “కల్లంలోకి రారా, చూపిస్తా మారిందో లేదో!”

ఆ అమ్మాయి మాత్రం నా వైపే చూస్తోంది. కోపం ఇంకా రాలేదు. దానికి ముందు వచ్చేదేదో ఆ మొహంలో ఉంది.

“ఏ రోజులవి సార్ మీరు వేసినవి? చెప్పండి. వాటిని కొట్టేసి మిగతావి ఉంచుకుందాం.”

నోటుబుక్కు నా చేతికిచ్చింది. ఈ నాలుగేళ్ల వాన అంకెలన్నీ ఎలాగూ పోయినట్టే. గొట్టం పగలకముందు పేజీలు తిప్పాను. పన్నెండు కనపడింది. అది నాదో, నిజంగా పడిన పన్నెండో తెలియలేదు. నలభై రెండు కనపడింది. నలభై రెండు నిజంగా పడే రోజు కూడా ఉంటుంది కదా. ఇంకో పేజీ తిప్పాను. వాళ్లంతా నా వేలినే చూస్తున్నారు. చివరికి పుస్తకం మూసి ఇచ్చేశాను.

“చెప్పలేనమ్మా.”

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటి కూడా.”

బుల్లెట్ అబ్బాయి గొంతు తగ్గించాడు, తగ్గించినా అందరికీ వినపడింది. “రేపు ఇచ్చేద్దాం. రిజిస్టరుతో సరిపోతోందిగా. మన లెక్క కాదు, గవర్నమెంటు లెక్కే. ఆ అధికారికెట్టా తెలుస్తది? మనం చెప్పేది అబద్ధం కాదు గదా, అంకెలే...”

“అప్పుడు మనం కూడా పేపరు చూసి ఎక్కించినట్టేగా” అంది ఆ అమ్మాయి.

ఇంట్లోంచి తల్లి టీ తెచ్చి, అందరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా పళ్లెం కింద పెట్టి వెళ్లింది. నేను చెప్పులేసుకుంటుంటే ఆ అమ్మాయి గడప దాకా వచ్చింది.

“రేపు మీరొస్తారా సార్?”

“వస్తాను. వార్త రాయాలిగా.”

“వార్తకి కాదు.”

సోమవారం అర్జీల హాలు కిక్కిరిసి ఉంది. పింఛన్లు, పాస్‌పుస్తకాలు, గట్టు తగాదాలు. వాళ్ల వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. జిల్లా అధికారి వయసులో చిన్నవాడే. చార్టు విప్పగానే ముందుకు వంగాడు. నీలం గీత వెంట పెన్ను నడిపాడు. “మీరే చేశారా? చాలా బాగుంది. ఇలాంటిది మా వాళ్లు కూడా ఎప్పుడూ చూపించలేదు” అన్నాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ అర్జీ గెలిచి ఉండేది. నాకు ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

“సార్, అందులో అంకెలు నిజం కాదు” అంది ఆ అమ్మాయి.

ఆయన పెన్ను ఆగింది.

“గవర్నమెంటు రిజిస్టరులోవే సార్. కానీ కొలిచినవి కాదు. అక్కడ కొలిచే గొట్టం లేదు. పేపరు చూసి రాస్తున్నారు. పేపరు వాళ్లు ఊహించి వేస్తున్నారు. ఆ సారే వచ్చారు, అడగండి.”

పక్కన కూర్చున్న గణాంకాల అధికారి లేచి నిలబడ్డాడు. “సార్, మా దగ్గర అన్నీ రిజిస్టరు ప్రకారమే ఉన్నాయి సార్” అన్నాడు. జిల్లా అధికారి ఆయన్ని చూడకుండా నన్ను చూశాడు.

చెప్పాను. “ఓ మోస్తరంటే పన్నెండు వేసేవాణ్ణి సార్” అన్నప్పుడు వెనక నుంచి ఎవరో నవ్వారు. “దంచికొట్టిందంటే నలభై రెండు” అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. గట్టు తగాదాకు వచ్చిన ఒక ముసలాయన పక్కవాణ్ణి అడగడం నాకు వినపడింది. “అయితే మాకు కరువు లేదని రాసింది ఈయనేనా?”

వాన సరిపోయిందని కాగితం చెప్పిన ఏళ్లలో, కరువు మండలాల జాబితాలోకి ఎక్కని ఊళ్లు ఉన్నాయి. వాటిలో ఎన్నింటిని నా పన్నెండు ఆపిందో కనుక్కోవడానికి దారి లేదు.

జిల్లా అధికారి చార్టును మెల్లిగా చుట్టి ఆ అమ్మాయి వైపు జరిపాడు. “నీ అర్జీ నువ్వే పాడు చేసుకున్నావమ్మా. ఈ అంకెలు చెల్లకపోతే వాతావరణం మారిందన్న నీ మాటకి ఆధారం లేదు.”

“తెలుసు సార్. మీ మాటకి కూడా లేదు కదా?”

“నా ఏ మాటకి?”

“మారలేదన్న మాటకి.”

ఆ అమ్మాయి కళ్లు దించలేదు. “మొన్న మార్చిలో మీ వ్యవసాయ అధికారి మా కల్లంలోకొచ్చి ఆధారం పట్రమ్మన్నారు సార్. ఎనిమిది నెలలు తిరిగి తెచ్చాం. మీ దగ్గరే లేదని తెలిసింది. అదే రాసివ్వండి. ఈ మండలంలో ఎంత వాన పడిందో మాకు తెలియదు అని. తర్వాత కొత్త గొట్టం పెట్టించండి. రోజూ కొలిచేటప్పుడు మాలో ఒకరం పక్కన నిలబడతాం. ఊరూరా పెట్టమన్నది కూడా అందుకే సార్. ఒక్కచోట తప్పయితే ఇంకోచోట పట్టుకోవచ్చు.”

ఆయన అర్జీని ముందుకు లాక్కున్నాడు. ప్రభుత్వం తనకు తెలియదని రాసివ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అర్జీ మార్జిన్‌లో పచ్చ సిరాతో రాశాడు. ఈ మండలానికి సంబంధించి గత కొన్నేళ్లుగా నమ్మదగిన వర్షపాతం వివరాలు లేవు. పరికరం వెంటనే బాగుచేయించాలి. విద్యార్థులు చూడడానికి అనుమతి ఇవ్వడమైనది. కింద సంతకం. ఊరూరా వర్షమాపకం, చెట్లు, చెరువులు, ఢిల్లీకి ఉత్తరం, వీటి ఎదురుగా మాత్రం ‘పరిశీలించాలి’ అని ఒకే ఒక్క మాట.

వార్త రాశాను. ‘మా పత్రిక’ అని రాసిన చోట మర్నాడు ‘కొన్ని పత్రికలు’ అని వచ్చింది. పేజీ ఇన్‌చార్జి నా వైపు చూడలేదు. ఆ అమ్మాయి ఫోను చేసి “కొన్ని పత్రికలా సార్?” అని మాత్రం అడిగి పెట్టేసింది.

అటెండరును సస్పెండు చేశారు. నాలుగు నెలల్లో రిటైర్ కావలసిన మనిషి. నాకు ఏమీ కాలేదు. బాక్సు కూడా నా దగ్గరే ఉంది. ఒకసారి ఆ అటెండరు చిలకలూరిపేట బస్టాండులో కనిపించాడు. తప్పుకుని పోదామనుకున్నాను, తనే ఎదురొచ్చాడు. కోపంగా లేడు. అర్థం కాక అడుగుతున్నాడు.

“నేను చేసిన తప్పేందండీ? మిమ్మల్ని నమ్మడమేగా?”

బస్సు వచ్చింది, ఎక్కేశాడు.

మేలో కొత్త గొట్టం, సీసా వచ్చాయి. పాదు పీకేశారు. కొత్త అటెండరు వచ్చాడు. విద్యార్థులు వంతులు వేసుకున్నారు. సెలవుల్లో మిగతావాళ్లు ఊళ్లకు వెళ్లడంతో వంతు ఎక్కువగా ఆ అమ్మాయికే పడేది. ఎనిమిదిన్నరకు ఆఫీసు దగ్గర ఉండాలి. వాళ్ల ఊరి నుంచి సైకిలు మీద అరగంట. కొలవగానే ఆఫీసు ఫోను నుంచి మా ఇంటికి చేసేది. సాయంత్రం ఫ్యాక్సులో అదే అంకె వస్తోందా లేదా అని నేను సరిచూడాలి. అది మా ఒప్పందం. మాటలు ఎక్కువ ఉండేవి కాదు. “సున్నా సార్.” “సరేనమ్మా.” రోహిణి వెళ్లింది. మృగశిర సగం వెళ్లింది. పత్తి విత్తనం ఇళ్లలో సంచుల్లోనే ఉంది. సున్నా, సున్నా, సున్నా. నేను వేసిన అంకెలన్నింటిలో చూడడానికి భయం వేసిన అంకె అదొక్కటే.

ఒక పొద్దున ఫోను పావుగంట ఆలస్యంగా మోగింది. రొప్పుతోంది.

“సార్, మా ఊళ్లో వాన! తెల్లారుజాము నుంచి ఒకటే వాన. సైకిలు తొక్కలేక సగం దూరం నడిపించుకుంటూ వచ్చా. మా నాన్న విత్తనం పెడతానని పొలం పోయాడు. తడిసి ముద్దయ్యాను సార్!”

పెన్ను తీశాను. “ఎంతమ్మా?”

అటువైపు రిజిస్టరు తెరిచిన చప్పుడు వినపడింది.

“ఇక్కడ పడలేదు సార్. వాగు దాటాక రోడ్డు పొడిగా ఉంది. గొట్టంలో చుక్క లేదు. రెండుసార్లు చూశాను.”

“మరి ఏం వేయమంటావు?”

“ఏం వేస్తారు సార్, సున్నానే వేయండి” అంది. గొంతు మామూలుగానే ఉంది. “మా ఊళ్లో కొలిచేది లేదుగా.”

ఆమె వెనక నుంచి కొత్త అటెండరు కేక వినపడింది. “అమ్మాయ్, నీ చున్నీ కారిపోతంది, ఇవతలికి జరుగు! రిజిస్టరు తడుస్తది!”